బల్ల పాఠం

స్టాఫ్‌రూమ్, కిటికీ పక్క కుర్చీ
ఫిబ్రవరి 9

గడుగ్గాయికి,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేంటి వదినా అని విసుక్కుంటావు, తెలుసు. ఫోన్ చేస్తే మీ అన్నయ్య స్పీకర్ పెడతాడు. పెట్టి, నీ మాటా నా మాటా తనే మాట్లాడేస్తాడు. ఇది మనిద్దరి మధ్య ఉండాల్సిన సంగతి. అందుకే ఈమెయిల్లోనే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ అలాగే రాయి.

జూన్ తరవాత నా కాంట్రాక్టు పొడిగించరట. స్టాటిస్టిక్స్‌ని తీసుకెళ్ళి కామర్స్‌లో కలిపేస్తున్నారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించి మరీ చెప్పాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. కూర్చోగానే అర్థమైపోయింది. "మీకేం మేడమ్, మీవారికి ఫొటో స్టూడియో ఉంది కదా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మా ఆయన స్టూడియో నడవక నేను పాఠాలు చెబుతున్నానా అని అడగాల్సింది. అడగలేదు. "థాంక్యూ సార్" అని లేచి వచ్చాను. ఎందుకు థాంక్యూ చెప్పానో ఇప్పటికీ తెలీదు. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఇప్పుడు చెప్పేది విని నవ్వకు. మూడు నెలలుగా బయటి దేశాల యూనివర్సిటీలకు అప్లికేషన్లు పెడుతున్నాను. నలభై అయిదేళ్ళొచ్చాక. ఇప్పటికి ఇరవై ఆరు అయ్యాయి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా వెనకనుంచి వస్తే దొంగదానిలా స్క్రీన్ మార్చేస్తున్నాను. అన్ని ఫారాల్లోనూ ఒకటే ప్రశ్న: ఈ దేశంలో పని చేసే హక్కు మీకు ఇప్పటికే ఉందా? అవును, లేదు. నేను "లేదు" నొక్కుతాను. ఒకచోట అలా నొక్కి పంపిన పదకొండు నిమిషాలకే జవాబొచ్చింది, "మీ అర్హతలను క్షుణ్ణంగా పరిశీలించాము, విచారిస్తున్నాము" అని. పదకొండు నిమిషాల్లో క్షుణ్ణంగానట! మన కాలేజీలో సెలవు చీటీ చదవడానికే మూడు రోజులు పడుతుంది.

అసలు సంగతికొస్తాను. మొన్న ఒక ప్రకటన చూశాను. స్టాటిస్టిక్స్ లెక్చరర్, మూడేళ్ళు, తగిన అభ్యర్థికి వీసా స్పాన్సర్ చేయగలం అని చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. పైకి వెళ్ళి చూస్తే మీ డిపార్ట్‌మెంటే! మళ్ళీ మొదటినుంచి చదివాను. మీ అన్నయ్యతో అంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, వదినా ఆడపడుచూ ఒకే బస్సులో ఆఫీసుకెళ్ళొచ్చని అప్పుడే లెక్కలేస్తున్నాడు.

మీరు తయారు చేసిన ఒక పాఠం గురించి రెండు పేజీలు రాయండి అని అడిగారు. అదింక ఆలోచించాలా, బల్ల పాఠం రాస్తాను. నువ్వు మన కాలేజీలో లెక్చరర్‌గా చేరిన కొత్తలో వెనక బెంచీలో కూర్చుని నోరు తెరుచుకుని చూశావు కదా. మొదటి రోజు క్లాసుకి పుస్తకం తేకుండా వచ్చి, పిల్లలందరి చేతా ఒక్కొక్కరిగా నా బల్లను కొలిపించడం. ఒకడికి విరిగిన స్కేలు, ఒకమ్మాయికి దారం, ఇంకొకరికి వాడి వాడి సాగిపోయిన దర్జీ టేపు. నలభై మందికి నలభై కొలతలు. అన్నీ బోర్డు మీద రాసి, ఇంతకీ బల్ల పొడవెంత అని అడిగితే, మీరే చెప్పండి మేడమ్ అంటారు. నాకూ తెలీదు అంటాను. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి! స్టాటిస్టిక్స్ అక్కడ మొదలవుతుంది. ఇన్నేళ్ళలో ఇది నాదని గట్టిగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

అప్లై చెయ్యమంటావా? మనవాళ్ళున్న చోట పెట్టుకోవడం నీకేమైనా ఇబ్బందైతే మొహమాటపడకుండా చెప్పు.

వదిన


ఆఫీసు గది, మూడో అంతస్తు
ఫిబ్రవరి 16

వదినా,

నీ ఉత్తరం వెంటనే చూశాను. పేపర్లు దిద్దే పనిలో పడి జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ప్రిన్సిపాల్ సంగతి చదివి నాకూ ఒళ్ళు మండింది. ఆయన మొహం చూసి జాలిపడాలి తప్ప థాంక్యూ చెప్పకూడదు.

నవ్వలేదు. నలభై అయిదు పెద్ద వయసేం కాదు. కానీ నువ్వు వెతికే పద్ధతి మార్చాలి. ముందు, కొన్ని దేశాల్లో విదేశీ ఉద్యోగులను తీసుకునే అనుమతి ఉన్న సంస్థల జాబితా ఒకటి ప్రభుత్వమే పెడుతుంది. ఆ జాబితాలో లేని చోట ఎంత గొప్ప ప్రకటన ఉన్నా టైము దండగ. ప్రకటనలో వీసా మాట లేకపోతే అప్లై చేసేముందే సిబ్బంది విభాగానికి రెండు లైన్లు రాసి అడిగెయ్. అడగందే అమ్మైనా పెట్టదు. ఏడాదిలోపు పోస్టులకు మామూలుగా స్పాన్సర్ చెయ్యరు, వాటిని వదిలెయ్. మేం చూసుకుంటామనే ఏజెంట్ల గుమ్మం తొక్కకు. నీ డిగ్రీల విలువ లెక్కగట్టించే సర్టిఫికెట్టు, ఇంగ్లీషు పరీక్ష ఇప్పుడే తయారుగా పెట్టుకో. ఉద్యోగం వచ్చాక పరిగెత్తితే అందవు.

ఇక మా డిపార్ట్‌మెంటు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఈ పోస్టుకు లోపల ఇప్పటికే ఒకరిని అనుకున్నారని వింటున్నాను. నిజమో కాదో తెలీదు. పైగా ఇక్కడ పని ఎక్కువ, చలి ఎక్కువ, మా హెడ్ మేడమ్ మహా ఖచ్చితం మనిషి. నీకు ఇంతకన్నా మంచి చోట్లు ఉన్నాయి. నాలుగింటి పేర్లు కింద పెట్టాను చూడు.

పెట్టి తీరతానంటే పెట్టు. కానీ బల్ల పాఠం రాయకు. ఇక్కడి వాళ్ళకు అది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది వదినా. పెద్ద పెద్ద మాటలు కావాలి వీళ్ళకు. నువ్వు ప్రశ్నల బ్యాంకు తయారు చేశావు కదా, పరీక్ష విధానం మార్చావు కదా, అది రాయి. నా మాట విను. ఏ యూనివర్సిటీకైనా సరే, బల్ల పాఠం మాత్రం రాయకు.

అన్నయ్యకు నేను బాగున్నానని చెప్పు.

గడుగ్గాయి


స్టూడియో వెనక గది, కెమెరా పెట్టెల మధ్య
మార్చి 20

గడుగ్గాయికి,

నీ నాలుగు చోట్లకూ పెట్టాను. రెండు చోట్ల ఉలుకూ లేదు పలుకూ లేదు. మూడో చోట వీసా ఇవ్వడం కుదరదని మర్యాదగా రాశారు. నాలుగో చోట ఇంటర్వ్యూకి పిలిచారు! తెర మీద ముగ్గురు. నా పని చాలా నచ్చిందన్నారు, తలలూపారు, నవ్వారు. చివర్లో ఒకాయన, మీకు వీసా అవసరం ఉండదు కదా అన్నాడు. ఉంటుందండీ, ఫారంలో రాశాను అన్నాను. ముగ్గురూ కాగితాలు తిరగేశారు. "మీ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు" అన్నారు. అంత మెత్తగా తలుపు వెయ్యడం మనవాళ్ళకు రాదమ్మా, ఒప్పుకోవాలి.

అదలా ఉంచు. సిఫారసు ఉత్తరం కోసం మా పాత గైడు దగ్గరకు వెళ్ళాను. మనిషి మంచివాడే, బద్ధకం. "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నాడు. ఇంటికొచ్చి కూర్చున్నాను. ఈమె అసాధారణ ప్రతిభావంతురాలు అని రాసి, ఛీ అని కొట్టేశాను. ఈమె చాలా మంచి ఉపాధ్యాయురాలు అని రాసి అదీ కొట్టేశాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుంటే చివరికి మిగిలింది, "ఈమె క్లాసులకు సమయానికి హాజరవుతుంది." మీ అన్నయ్య చదివి, ఇది వాచ్‌మన్ ఉద్యోగానికా అన్నాడు. తరవాత ఆయనే కూర్చుని రాశాడు. ఆయన రాసింది చదువుతుంటే తల ఎత్తలేకపోయాను. అది నేనే అయితే బాగుండనిపించింది.

ఇప్పుడు అసలు కబురు. మీ డిపార్ట్‌మెంటుకు పెట్టేశాను. నువ్వు చెప్పినట్టే ప్రశ్నల బ్యాంకు గురించే రాశాను. రాస్తున్నంతసేపూ ఇంకొకరి జాకెట్టు తొడుక్కున్నట్టే ఉంది, ఎక్కడ పట్టేస్తోందో తెలీదు. అయినా నీ సలహా పనిచేసింది. చివరి ముగ్గురిలో నన్ను పిలిచారు! మే నాలుగున ఇంటర్వ్యూ, తెర మీదే. ఇరవై నిమిషాలు పాఠం చెప్పి చూపించాలట.

నాకు ఇది కావాలి. ఇంతవరకు ఎవరితోనూ ఇలా అనలేదు, నీతో అంటున్నాను. జీతం కోసం ఒక్కటే కాదు. ఒక్క ఏడాదైనా వచ్చే జూన్‌లో ఉంటానో లేదో అని భయపడకుండా క్లాసులో నిలబడాలని ఉంది. ఏం పాఠం చెప్పమంటావు? నీ ఉత్తరాలు పొట్టిగా వస్తున్నాయి, ఈసారి కాస్త పొడుగ్గా రాయి.

వదిన


ఆఫీసు గది
మార్చి 25

వదినా,

చాలా సంతోషం. నిజంగా.

నువ్వు నాకేమవుతావో మేడమ్‌కు చెప్పేశాను, అందుకని ఎంపికలో నన్ను దూరంగా ఉంచారు. ఎవరేం అనుకున్నారో నాకు తెలియదు, అడగకూడదు కూడా.

రెండు విషయాల మధ్య సంబంధం ఎలా కొలుస్తామన్నది చెప్పు. పన్నెండు స్లైడ్లు చాలు. నేను తయారుచేసినవి ఇక్కడ జతచేస్తున్నాను, వాడుకో. స్లైడ్లు దాటి బయటికి వెళ్ళకు. బల్ల జోలికి మాత్రం అసలు వెళ్ళకు వదినా. నీ మంచికే చెబుతున్నాను, ఒట్టు.

పొడుగ్గా రాయాలనే కూర్చున్నాను. రావడం లేదు.

గడుగ్గాయి


ఇల్లు
మే 6

చిరంజీవి ఆడపడుచుకు,

ఇంటర్వ్యూ అయింది. బాగానే చూసుకున్నారు. ముగ్గురూ మర్యాదస్తులు. మీ హెడ్ మేడమ్ నువ్వు చెప్పినట్టే ఖచ్చితమైన మనిషి, కానీ నాకు నచ్చింది.

నీ స్లైడ్లు మొదలుపెట్టాను. రెండోదానికే ఆగిపోయాయి. అక్కడ వాళ్ళకు నా మొహం తప్ప ఏమీ కనిపించడం లేదన్నారు. చేతిలో ఉన్నదేదో చెప్పి ముగించాను. ఆ ఉద్యోగం రాదులే. ఆశ పెట్టుకోలేదు.

నీకు అక్కడ ఉత్తమ బోధనకు బహుమతి వచ్చిందట కదా. మాటల్లో వాళ్ళే చెప్పారు. రెండేళ్ళయిందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదేం? అభినందనలు.

ఇక్కడ అంతా క్షేమం. మీ అన్నయ్య కొత్త లైట్లు కొన్నాడు. ఆరోగ్యం చూసుకో.

ఇట్లు
మీ వదిన


అద్దె గది, బట్టలు ఆరేసిన కుర్చీ పక్కన
మే 29

వదినా,

"ఇట్లు మీ వదిన" అని రాశావు. నాకెప్పుడైనా ఇట్లు పెట్టి రాశావా? ఆ ఒక్క మాట చదవగానే నీకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. మూడు వారాలు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. రోజూ ఉత్తరం మొదలుపెట్టడం, ఆపెయ్యడం.

నువ్వు దాచిన సంగతి మేడమ్ నాకు చెప్పారు. మంచినీళ్ళ మెషీన్ దగ్గర నేను గ్లాసు నింపుకుంటుంటే, మామూలుగా. "మీ వదిన చాలా నిజాయితీ గల మనిషి. బ్యాగులోంచి సాగిన టేపు తీసి తన ముందున్న బల్లను కొలవడం మొదలుపెట్టారు. మీ పాఠమేనని మేం వెంటనే గుర్తుపట్టాం. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, మా ఆడపడుచు దగ్గర అని దాచకుండా చెప్పారు. ముగ్గురిలోనూ చెప్పే తీరు ఆవిడదే బాగుంది. కానీ మాకు సొంతంగా పాఠం కట్టుకోగలిగిన వాళ్ళు కావాలి" అన్నారు. నా గ్లాసు నిండి పొంగి కాళ్ళ మీద పడింది. నేను నవ్వాను వదినా. అవునండీ అన్నట్టు నవ్వాను. అంతకన్నా సిగ్గుమాలిన పని నేనింకొకటి చేసి ఉండను అనుకున్నాను. తరవాత ఇంకొకటి చేశాను, అదీ చెబుతాను.

ముందు మొదటిది. నాలుగేళ్ళ క్రితం నేను కూడా నీలాగే ఫారాలు నింపుతూ ఉన్నాను. ముప్ఫై తొమ్మిదోది ఇది. మీరు తయారు చేసిన పాఠం అని అడిగారు. నా దగ్గర ఏముంది? మూడేళ్ళ ఉద్యోగం, నీ నోట్సు చూసి చెప్పిన క్లాసులు. "మా కాలేజీలో ఒక అధ్యాపకురాలు మొదటి రోజు తన బల్లను కొలిపిస్తుంది" అని రాశాను. నిజంగా అలాగే రాశాను. చదివితే ఆ అధ్యాపకురాలికి ఉద్యోగం ఇవ్వాలనిపించేలా ఉంది, నాకు కాదు. అందుకని "నేను" అని మార్చాను. అందరూ కాస్తో కూస్తో చేసేదే అనుకున్నాను. ఎలాగూ రాదు కదా అనుకున్నాను. వచ్చింది. వచ్చాక ఇక్కడ మొదటి క్లాసులో ఆ పాఠం చెప్పమన్నారు. బాగా చెప్పాను, నిన్ను చూసి నేర్చుకున్నాను కాబట్టి. నీ మాటలు, నువ్వు మధ్యలో ఆగే చోట్లు, నాకూ తెలీదు అని నువ్వు చేతులు చాపే తీరు, అన్నీ. బహుమతి ఇచ్చిన రోజు నిన్ను తలుచుకోలేదు. తలుచుకుంటే వేదిక ఎక్కలేను.

నువ్వు మా ప్రకటన చూశానని రాసినప్పుడు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లోపల ఎవరినో అనుకున్నారని అబద్ధం రాశాను. చిన్నపిల్లల ఆటలా ఉంటుందని రాశాను. నీకొచ్చిన ఒకే ఒక్క అవకాశంలో నీ చేతుల్లోంచి నీ వస్తువే లాక్కుని, నీ మంచికే అని ఒట్టు కూడా పెట్టాను.

రెండోది ఇది. పదిరోజుల క్రితం ఇక ఉండబట్టక మేడమ్ గదికి వెళ్ళాను. నిజం చెబుదామనే వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు తీసి నావైపు చూసేసరికి నోట్లోంచి "అసలు ఆ పాఠం మేమిద్దరం కలిసి తయారు చేశాం" అని వచ్చింది. చూశావా? నిజం చెప్పడానికి వెళ్ళి కూడా సగం నాకు మిగుల్చుకున్నాను. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. మీ అప్లికేషన్‌లో నేను అని ఉంది, మీ వదిన మీ దగ్గర నేర్చుకున్నానన్నారు, ఇప్పుడు ఇద్దరం అంటున్నారు, మూడు కొలతలొచ్చాయి, ఏది సరైనది అన్నారు. సెప్టెంబరులో నా కాంట్రాక్టు, దాంతోపాటు వీసా స్పాన్సర్‌షిప్పు పొడిగించాలి. ఆ కాగితం మీద, ఈమె చెప్పినవన్నీ నిజమని ఆవిడ సంతకం పెట్టాలి. అందుకని నీకు రాసి అడుగుతారట. నీ పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారు వదినా, అది అయిపోయింది. ఇది నా ఫైలు కోసం.

ఇంటర్వ్యూలో చెప్పిన మాటే నువ్వు రాతలో ఇస్తే ఇక్కడితో ఆగిపోతుందని ఆవిడ అన్నారు. లేకపోతే ఫైలు పైకి వెళ్తుంది. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం వదిలి వెళ్ళాలి.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. సంగతి తెలియాలని చెబుతున్నాను, అంతే.

నన్ను గడుగ్గాయి అనకు ఇక.


స్టాఫ్‌రూమ్, ఖాళీ చేసిన బల్ల
జూన్ 8

గడుగ్గాయికి,

ఏమనాలో నువ్వు చెబితే నేను నేర్చుకోవాలా? అలాగే అంటాను.

నీ ఉత్తరం ముందుగా కోపంతో చదివాను. రెండోసారి ఇంకా ఎక్కువ కోపంతో చదివాను. "నేను నిన్ను ఏమీ అడగడం లేదు" అని రాశావు చూడు, అడగడమంటే అదే. కాళ్ళ మీద పడి అడిగినా ఇంత మండేది కాదు. అడగాల్సింది నా చేత్తో నేనే ఇచ్చేలా ముందు పెట్టి, నువ్వు పక్కన నిలబడ్డావు. ఛీ.

ఇప్పుడు నా సంగతి విను. నిన్ను కాపాడడానికి ఆ మాట అన్నాననుకుంటున్నావు కదా. మీ అన్నయ్య కూడా అదే అనుకుని నన్ను దేవతను చేసేశాడు. స్లైడ్లు ఆగిపోయాక నాకు తెలిసిన పాఠం ఒక్కటే, టేపు తీశాను. తీయగానే ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. ఈ సాగిన టేపు మాకు బాగా తెలుసు, మీ ఆడపడుచుకు దీనికే బహుమతి వచ్చింది అన్నారు. నాకు ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది, నీ ఉత్తరాలతో సహా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఇంటి గుట్టు వీళ్ళ ముందు ఎందుకనుకున్న మాట నిజమే. కానీ అది తరవాత వచ్చిన ఆలోచన. మొదట వచ్చింది అది కాదు. నాది అంటే వీళ్ళు నమ్మరు అని వచ్చింది. అక్కడ బహుమతి పొందిన లెక్చరర్ మాట ఒకవైపు, స్టూడియో గదిలో కూర్చుని వీసా అడుగుతున్న గెస్టు లెక్చరర్ మాట ఒకవైపు. నేను వాళ్ళ స్థానంలో ఉన్నా నన్ను నమ్మను. అందుకని వాళ్ళు నమ్మే మాట చెప్పాను. చెప్పి, "థాంక్యూ" కూడా అన్నాను.

అది త్యాగం కాదే పిచ్చిదానా, పిరికితనం. పద్దెనిమిదేళ్ళు ఏటా జూన్‌లో ఈసారి ఉంటానా సార్ అని అడిగీ అడిగీ, ఏదైనా నాదే అనడం మర్చిపోయాను. నువ్వు నా పాఠం తీసుకెళ్ళావు, నిజమే. మళ్ళీ నీకు నా చేతులతో మూటగట్టి ఇచ్చింది నేనే. నీకంటే నాకే సిగ్గుగా ఉంది. రాత్రీ పగలూ ఉంది.

మీ అన్నయ్యకు నీ ఉత్తరం చదివి వినిపించాను. దాచి ఉండొచ్చు, దాచలేదు. కోప్పడతాడనుకున్నాను. లెన్సు తుడుస్తూ కూర్చున్నాడు. "అది నా చెల్లెలు" అన్నాడు. సరే, రక్తం రక్తమే అనుకుని లేవబోయాను. "పాఠం నీది" అన్నాడు. ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు.

మీ మేడమ్ ఉత్తరం వచ్చింది. ఒకే ప్రశ్న, నాలుగు లైన్లు. జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు నీకు కావలసినట్టు రాశాను. నిజంగా రాశాను, సంతకం కూడా పెట్టాను. నీ గది, నీ వీసా, అరవై రోజులు కళ్ళ ముందు తిరిగాయి. నీకు పదేళ్ళప్పుడు నేను ఈ ఇంటికి వచ్చాను. నీ జడలు వేసిన చేతులివి. పొద్దున్నే లేచి దాన్ని చదువుకుంటే, ప్రిన్సిపాల్ గదిలో చెప్పిన థాంక్యూలాగే ఉంది. చింపేశాను.

రెండోసారి రాసింది ఇది. "ఆ పాఠం నేను తయారు చేశాను. పదహారేళ్ళుగా చెబుతున్నాను. ఇంటర్వ్యూలో మీతో అబద్ధం చెప్పాను, అందుకు సిగ్గుపడుతున్నాను." నీ గురించి ఒక్క ముక్క రాయలేదు. రాయక్కర్లేదు, వాళ్ళకు లెక్కలు వచ్చు.

దీనివల్ల నాకు ఉద్యోగం రాదు. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నదాన్ని ఇక ఆ గడప దరిదాపులకు కూడా రానివ్వరు. నీకు మాత్రం నష్టం వస్తుంది, ఎంతో నాకు తెలుసు. తెలిసే రాశాను. నువ్వు తిరిగొస్తే స్టేషనుకు మీ అన్నయ్య వస్తాడు. నేను రాను. ఇంట్లోనే ఉంటాను, అన్నం వండే ఉంచుతాను, నీతో మాట్లాడడానికి మాత్రం కొన్నాళ్ళు పట్టేలా ఉంది.

నీకీ ఉత్తరం రాయడానికి ముందే మీ మేడమ్‌కు జవాబు పంపేశాను. ముందు నీకు చెప్పి ఉంటే వద్దనేదానివి. నువ్వు వద్దంటే నేను ఆగిపోయేదాన్ని.

వదిన